పన్నెండు ప్రతులు చాలు

బడిలో చోటు లేని తెలుగు, బజారులో కొనేవాళ్లు లేని తెలుగు. దాన్ని ఇంటింటా నిలుపుకోవడానికి చేత్తో చేసుకునే చిన్న పుస్తకాలు, వాటి ఇచ్చిపుచ్చుకోలు ఒక మంచి దారి. వాడిపట్టి నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

మధురై నుంచి దిండుగల్లు వెళ్లే జాతీయ రహదారి మీద ఓ పాతిక కిలోమీటర్లు వెళితే వాడిపట్టి. ఉత్తరాన సిరుమలై కొండలు, దక్షిణాన వైగై ఒడ్డున తమలపాకు తోటల చోళవందాన్, తూర్పున జల్లికట్టుకు పేరుపడ్డ అలంగానల్లూరు. పెరియారు కాలువ కింద వరి పండే ఈ తాలూకాలోనూ, మధురై, కోయంబత్తూరు జిల్లాల్లోని మరెన్నో ఊళ్లలోనూ తరాల తరబడి తెలుగే ఇంటి మాటగా ఉన్న కుటుంబాలున్నాయి. విజయనగర కాలంలో కొందరు, మధురై నాయకుల ఏలుబడిలో మరికొందరు దక్షిణానికి వచ్చి పాలెగాళ్లుగా, సైనికులుగా, రైతులుగా, చేతిపనివాళ్లుగా స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు దాదాపు 42 లక్షల మంది.

ఇన్ని లక్షల మంది మాట్లాడే భాషకు ఇక్కడ చదువరులు మాత్రం కరువు. పిల్లలు బడిలో నేర్చేది తమిళం, ఇంగ్లీషు. అవ్వ చెప్పే కథను తెలుగులో వింటారు. అదే కథను తెలుగు అక్షరాల్లో రాసిస్తే చదవలేరు. మా వైపు మాటలో, మా వైపు కథలతో ఒక పుస్తకం వేద్దామని ప్రచురణకర్త దగ్గరికి వెళితే ఆయన ముందుగా అడిగేది ఒకటే: వెయ్యి కాపీలు ఎవరు కొంటారు? ఆయన అడగడంలో తప్పేమీ లేదు, అది వ్యాపారం. కానీ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఎన్నో కథలు, పెళ్లి పాటలు, సామెతలు ఆగిపోయి, చివరికి పెద్దవాళ్లతోపాటే వెళ్లిపోతున్నాయి.

వెయ్యి లెక్క పక్కన పెట్టి పన్నెండు లెక్కతో మొదలుపెడదాం. పన్నెండు మంది కూడతారు. ఒక్కొక్కరూ ఒక చిన్న పుస్తకాన్ని చేత్తో తయారుచేసి, దాన్ని పన్నెండు ప్రతులు తీస్తారు. తమకో ప్రతి ఉంచుకుని, మిగతావి మిగతా పదకొండు మందికీ ఇస్తారు. అందరూ మాట నిలబెట్టుకుంటే ప్రతి ఇంట్లో పన్నెండు వేర్వేరు పుస్తకాలుంటాయి. ఊళ్లో మొత్తం 144. అమ్మకం లేదు, కమిషను లేదు, గోదాములో మగ్గే కట్టలు లేవు. ప్రపంచంలో చాలాచోట్ల కళాకారులు దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది. మా తెలుగుకు ఇంతకన్నా సరిపోయే పుస్తక రూపం మరొకటి లేదని నా నమ్మకం.

చిన్నదైనా పుస్తకమే

ఇలాంటి చిన్న పుస్తకాలను ఆర్టిస్ట్ బుక్స్ అంటారు. వీటిలో బొమ్మ, మాట, కాగితం, మడత, కుట్టు అన్నీ కలిసే విషయం చెబుతాయి. చాలాసార్లు రాసిన మనిషే బొమ్మ వేస్తాడు, తనే అచ్చు తీస్తాడు, తనే కుడతాడు. ఇంగ్లండులో విలియం బ్లేక్ 1789లో తన పాటలను, బొమ్మలను కలిపి రాగి రేకుల మీదికి ఎక్కించి స్వయంగా అచ్చు తీశాడు. రంగులు దిద్దడంలో భార్య కేథరీన్ చేయి కలిపింది. ఏ పెద్ద ప్రచురణ సంస్థ అండా లేకుండా ఇంట్లోనే తయారైన పుస్తకాలవి. 1963లో అమెరికాలో ఎడ్వర్డ్ రుషే ఇరవై ఆరు పెట్రోలు బంకుల ఫొటోలతో ఒక పల్చటి పుస్తకం తెచ్చాడు. మొదటి ముద్రణ 400 ప్రతులు, ప్రతి దాని మీదా వరస సంఖ్య. ఇప్పుడు ఈ కళ గురించి మాట్లాడేవాళ్లు ఆ పుస్తకం పేరు చెప్పకుండా ముందుకు పోరు.

ప్రతుల సంఖ్యను ముందే తేల్చుకుని, అన్నీ ఒకేలా ఉండేట్టు తీసి, ఒక్కోదాని మీద 1/12, 2/12 అని పెన్సిలుతో వేసి సంతకం చేయడాన్ని ఎడిషన్ అంటారు. పైన ఉన్నది ఆ ప్రతి వరస, కింద ఉన్నది మొత్తం. పన్నెండని రాశాక పదమూడోది తీయకూడదు. ఆ సంఖ్య పుచ్చుకునేవాళ్లకు చేసినవాళ్లు ఇచ్చే మాట.

ఇచ్చిపుచ్చుకోలు

ఈ పద్ధతికి పేరుపడ్డ ఉదాహరణ 1970లో న్యూయార్కులో రిచర్డ్ కాస్టెలానెట్జ్, హెన్రీ కార్న్ మొదలుపెట్టిన 'అసెంబ్లింగ్'. మామూలు పత్రికలు అచ్చు వేయడానికి ఇష్టపడని రచనలు, బొమ్మలు చేస్తున్నవాళ్లను వాళ్లు పిలిచారు. మీ పేజీలు మీరే వెయ్యేసి ప్రతులు అచ్చు వేసి పంపండి, మేం వరసగా పేర్చి బైండు చేసి మీకు తిరిగి పంపుతాం అన్నారు. వచ్చినదాన్ని దిద్దడం లేదు, తిప్పిపంపడం లేదు. అప్పటినుంచి ఎన్నో దేశాల్లో అచ్చు కళాకారులు, పుస్తక కళాకారులు ఇరవై మందో ముప్పై మందో కూడి పంచుకునే పద్ధతి నిలదొక్కుకుంది.

పెళ్లిలో మొయ్ చదివించే ఊళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఎవరెంత పెట్టారో నోటుపుస్తకంలో రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి పెట్టడం మధురై జిల్లాకు అలవాటైన మర్యాద. పుస్తకాల మార్పిడిలోనూ అంతే. పెట్టినవాడికి రావాలి, పుచ్చుకున్నవాడు పెట్టాలి.

ఈ మర్యాద ఒక పెద్ద చిక్కును తీరుస్తుంది. పుస్తకం రాసేవాళ్లకు ఇక్కడ చదివేవాళ్లు లేరన్నది మన దిగులు. మార్పిడిలో రాసిన పన్నెండు మందీ చదువరులే. తన పుస్తకం కోసం పడ్డ కష్టం ఎంతో తెలిసిన మనిషి పక్కింటివాళ్ల పుస్తకాన్ని ఊరికే పక్కన పడేయడు, పేజీ పేజీ తిప్పి చూస్తాడు.

మధురైకి ఇది కొత్త కాదు

వాడిపట్టిలో కూర్చుని చేతిరాత పుస్తకాల గురించి మాట్లాడితే చరిత్ర మన వైపే ఉంటుంది. తెలుగు వచనానికి మధురై ఇచ్చిన ఊతం చిన్నది కాదు. పద్యానిదే రాజ్యమైన రోజుల్లో ఇక్కడి నాయకుల కొలువులో వచన గ్రంథాలు పుట్టాయి. 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం వచనంలో రాశాడు. సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో చెప్పాడు. తెలుగు గ్రంథాలు ఇంకా అచ్చుకెక్కని కాలం. అవి ఊరు దాటాలంటే ఒకరు తాటాకు ముందు పెట్టుకుని గంటంతో మళ్లీ రాయాల్సిందే. కావలసినవాళ్లు ఒకరి దగ్గర తాళపత్రాలు అడిగి తెచ్చుకుని నకలు తీసుకునేవాళ్లు. గ్రంథం చివర లేఖకుడు తన పేరు, రాసిన కాలం, ఎవరి కోసం రాశాడో చెప్పి, తప్పులుంటే మన్నించమని వేడుకునేవాడు. ఇప్పటి ఆర్టిస్ట్ బుక్ చివరి పేజీలో కనిపించే వివరాలు దాదాపు అవే.

మడత పుస్తకమూ మనకు పరాయిది కాదు. తెలుగు, కన్నడ దేశాల్లో లెక్కలు రాసుకోవడానికి కడితం వాడేవాళ్లు. గుడ్డకు చింతపిక్కల గంజి, బొగ్గుపొడి కలిపి పట్టించి, ఆరబెట్టి, ముందుకొకటి వెనక్కొకటిగా మడతలు వేసేవాళ్లు. నల్లటి ఆ గుడ్డ మీద బలపంతో తెల్లగా రాసేవాళ్లు. విప్పితే పొడుగాటి పట్టీ, మూస్తే చేతిలో పట్టే పుస్తకం. పడమటి దేశాల పుస్తక కళాకారులు అకార్డియన్ మడత అని మురిసిపోయేది ఇలాంటిదే.

మధురైలోని సౌరాష్ట్ర సభ దగ్గర మరో నిధి ఉంది. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజపేట వేంకటరమణ భాగవతులు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు పోగుచేసిన రాతప్రతులు అక్కడికి చేరాయి. గురువు పాడుతుండగా విని, స్వరపరచి, రాసిపెట్టుకున్న శిష్యుల శ్రమ అది. త్యాగరాజ కృతుల పాఠాలు తేల్చుకోవాలనుకున్న పరిశోధకులు ఈనాటికీ వాలాజపేట ప్రతుల వైపు చూస్తారు. ఇంటి మాట సౌరాష్ట్రమైన కుటుంబం తెలుగు పాటను ఇలా చేతిరాతతో కాపాడింది. ఇంట్లో తెలుగే మాట్లాడే మనం ఆ పాటి శ్రద్ధ పెట్టలేమా?

చెన్నైలో ఒక రుజువు

చేతి పుస్తకం అంటే ఔత్సాహికుల కాలక్షేపం అనుకునేవాళ్లకు చెన్నైలోని తారా బుక్స్ జవాబు చెబుతుంది. గీతా వుల్ఫ్ 1994లో మొదలుపెట్టిన ఈ సంస్థ, చేతితో తయారైన కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో పుస్తకాలు వేస్తుంది. ఒక్కో రంగుకూ ఒక్కో తెర. కాగితం పెట్టడం, సిరా లాగడం, ఆరబెట్టడం, మళ్లీ రెండో రంగు, చివరికి చేతికుట్టు. భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి అనే గోండు చిత్రకారులు బొమ్మలు వేసిన 'ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' 2006లో ఇలాగే నల్ల కాగితం మీద వచ్చింది. 2008లో ఇటలీలోని బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో బహుమతి తెచ్చుకుంది. గోండుల చెట్ల కథలు గోండుల గీతల్లోనే ప్రపంచం చుట్టి వచ్చాయి.

ఇక కలిసి పనిచేసే అచ్చు శాల ఎలా ఉండాలో ప్రపంచానికి చూపినవాళ్లలో మన తెలుగువాడొకరున్నారు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే అచ్చు శాలలో చేరారు. సిరాల చిక్కదనంలోని తేడాను, మెత్తటి, గట్టి రోలర్లను వాడుకుని ఒకే రేకు నుంచి ఒకేసారి అనేక రంగులు తీసే పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ శాలలో ఎవరు ఏది కనిపెట్టినా పక్క బల్ల దగ్గర ఉన్నవాళ్లకు చూపించాల్సిందే. రహస్యం దాచుకోవడం అక్కడి పద్ధతి కాదు. 2018లో న్యూయార్కులో కన్నుమూసేదాకా ఆయన ఎక్కడికి వెళ్లినా ఆ విద్యను పంచుతూనే ఉన్నారు.

ఒక పుస్తకం, మొదటి నుంచి చివరి దాకా

ఇప్పుడు బల్ల మీదికి వద్దాం. పదహారు పేజీల పుస్తకం తీసుకుందాం. ఒక ఎ4 కాగితాన్ని అడ్డంగా సగానికి కోస్తే రెండు ముక్కలు. అలాంటి నాలుగు ముక్కలను మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూరిస్తే పదహారు పేజీలు, అరచేతిలో ఒదిగే పుస్తకం. అంటే ఒక్కో ప్రతికి రెండు ఎ4 కాగితాలు. పన్నెండు ప్రతులకు ఇరవై నాలుగు చాలు. కానీ పన్నెండు మంచివి రావాలంటే పదిహేను మొదలుపెట్టాలి. కాబట్టి ముప్పై కాగితాలు. శివకాశి మధురైకి డెబ్బై కిలోమీటర్లే. అగ్గిపెట్టెల లేబుళ్లతో మొదలై క్యాలెండర్ల దాకా లక్షల్లో అచ్చు తీసే ఆ ఊరు పక్కనుండగా మంచి కాగితానికి, సిరాకు వెతుక్కోనక్కర్లేదు.

కాగితానికి గ్రెయిన్, అంటే నారలు పరుచుకున్న దిక్కు, ఉంటుంది. కాగితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూస్తే ఒక వైపు సులువుగా వంగుతుంది, రెండో వైపు మొరాయిస్తుంది. సులువుగా వంగినప్పుడు పడే మడత గీత పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండేట్టు కోసుకోవాలి. ఈ చిన్న సంగతి పట్టించుకోకపోతే మడత దగ్గర కాగితం చిట్లుతుంది, పుస్తకం మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది.

బొమ్మకు, పెద్ద అక్షరాలకు లినోలియం ముక్క మీద చెక్కడం మంచి పద్ధతి. తెలుగు అక్షరం గుండ్రం. తలకట్టు సన్నం. ఉలిని తిప్పబోతే గీత తెగుతుంది. ఉలిని కదలకుండా పట్టుకుని, ఎడమచేత్తో లినో ముక్కనే మెల్లగా తిప్పాలి. అప్పుడు సున్నా సున్నాలా, కొమ్ము కొమ్ములా వస్తుంది. అక్షరం అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి కాబట్టి ముందు పల్చటి ట్రేసింగ్ కాగితం మీద రాసుకుని, దాన్ని బోర్లించి దించుకోవాలి. సిరా రోలరుతో పల్చగా పట్టించి, కాగితం పరిచి, వీపు మీద స్టీలు గరిటె అడుగుభాగంతో గుండ్రంగా రుద్దితే అచ్చు దిగుతుంది. మూల ఎత్తి చూసి, ఎక్కడ అంటలేదో అక్కడ మళ్లీ రుద్దాలి. మూడు నాలుగు ప్రతులు తీసేసరికి సిరా ఎంత కావాలో చేతికి తెలిసిపోతుంది.

లినో చెక్కే ఓపిక లేనివాళ్లకు ఊళ్లో మరో సౌకర్యం ఉంది. పెళ్లివారి పేర్లు పసుపు గుడ్డ సంచుల మీద వేసే స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం. తారా బుక్స్ వాడే విద్య, ఆ దుకాణం వాడే విద్య ఒకటే. ముగ్గు గీసే చేయి, తెర మీద సిరా లాగే చేయి ఒక చోట కలిస్తే చాలు.

కుట్టు మూడు రంధ్రాల పని. మడత మీద మధ్యన ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. దారాన్ని లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలో లోపలికి దింపాలి. లోపల ఆ చివరి నుంచి ఈ చివరికి లాగి కింది రంధ్రంలో బయటికి తీసి, మళ్లీ మధ్య రంధ్రంలో లోపలికి తేవాలి. లోపల పొడుగ్గా పడిన దారానికి రెండు పక్కలా కొసలు వచ్చేట్టు చూసుకుని ముడి వేస్తే ఏళ్ల తరబడి ఊడదు. అట్టకు మధురై సుంగుడి చీర ముక్క అంటించుకుంటే ఏ ఊరి పుస్తకమో చూడగానే తెలుస్తుంది.

రెండు వైపులా రెండు లిపులు

తెలుగు లిపి రాని ఇంట్లో తెలుగు పుస్తకం ఎవరు చదువుతారు? ఈ ప్రశ్నకు కడితం మడతలోనే జవాబుంది. మడత పట్టీకి రెండు ముఖాలు. ఒక ముఖం మీద తెలుగు లిపిలో, వెనక ముఖం మీద అదే తెలుగు మాటను తమిళ లిపిలో రాయవచ్చు. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. పరాయివాళ్లు దాన్ని చదివితే తడబడతారు. మా ఇళ్లవాళ్లు తడబడరు, ఎందుకంటే మాట వాళ్లకు ముందే వచ్చు. అక్షరం గుర్తుచేస్తే చాలు, నోరు సరిగానే పలుకుతుంది. మనవరాలు వెనక ముఖం చదివి, పట్టీ తిప్పి ముందు ముఖం చూసి, ఈ శబ్దానికి ఈ ఆకారమా అని పోల్చుకుంటుంది. ఇలా నాలుగు పుస్తకాలు తిప్పిన పిల్లకు తెలుగు అక్షరాలు కొన్నైనా కంటికి పట్టుబడతాయి. ఏ ప్రచురణకర్తా ఇలాంటి పుస్తకం వెయ్యి ప్రతులు వేయడు. పన్నెండు ప్రతుల లెక్కలో అది ఇబ్బందే కాదు.

మాటను దిద్దవద్దు. ఇక్కడి తెలుగు నాలుగైదు వందల ఏళ్లుగా తమిళం పక్కన పెరిగింది. కోస్తా తెలుగులోకో, పత్రికల తెలుగులోకో మార్చి రాస్తే అది మన అవ్వ మాట కాకుండా పోతుంది. ఆమె ఎలా అంటుందో అలాగే రాయాలి.

ఏం రాద్దాం?

విషయానికి కొరత లేదు. తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ (1923–2021) తన వాళ్లు దక్షిణానికి తరలివచ్చిన కథలను పెద్దల నోట విని, 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా మలిచారు. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బడి చదువు అంతంతమాత్రమైన మనిషి కరిసల్ (నల్లరేగడి) నేల మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. ఆయన పెద్ద గ్రంథాలకు ఎంచుకున్న సరుకు మన ప్రతి ఇంట్లోనూ ఉంది. హోసూరు ప్రాంతపు తెలుగు రచయితలు తమ యాసలోనే కథలు రాసి పుస్తకాలు తెచ్చుకుంటున్నారు. ఆ బాటలో మనం ఒక చిన్న అడుగు వేయవచ్చు.

ఒకరు వలస వచ్చిన కథను మడత పట్టీ మీద దారిలా గీయవచ్చు. ఒకరు పెళ్లిలో పాడే పాటల్లో ఒక్కదాన్ని ఎనిమిది పేజీల్లో పెట్టవచ్చు. కంబళ నాయకుల దేవరాట్టం ఆటలో ఉరుమి వాద్యం దరువుకు అడుగులు ఎలా పడతాయో బొమ్మల్లో చూపవచ్చు. వంటింటి సామాన్ల పేర్లతో ఒకరు, పొలం పనుల మాటలతో ఒకరు, ఒక్క ముగ్గును చుక్క చుక్కగా పెంచుతూ ఒకరు. చదువురాని పెద్దావిడ చెబుతుంటే మనవడు రాసి, ఇద్దరి పేర్లూ వేసుకున్నా సరే. చివరి పేజీలో ఊరు, చేసినవాళ్ల పేరు, ఎవరి నోట విన్నారో, ఏ నెలలో తీశారో, ప్రతి సంఖ్య తప్పకుండా ఉండాలి. రేపు ఎవరైనా మా తెలుగు గురించి పరిశోధన చేస్తే ఆ ఒక్క పేజీ వాళ్లకు ఎంతో విలువైన ఆధారం.

కొన్ని నియమాలు మాత్రం గట్టిగా ఉండాలి. కొలత అందరికీ ఒకటే. గడువు అందరికీ ఒకటే. బాగుందా లేదా అని ఎంపిక చేసే పెద్దలు ఉండరు. గడువులోగా పన్నెండూ ఇచ్చినవాళ్లకే పన్నెండూ తిరిగి వస్తాయి. గుంపు చిన్నదైతే ఆరుగురితోనే మొదలుపెట్టి ఆరు ప్రతులే తీయవచ్చు. కోయంబత్తూరు వైపు ఊళ్లవాళ్లు కలిస్తే తపాలా ఉండనే ఉంది. ఓపిక ఉంటే అందరూ మరో ప్రతి తీసి, సంఖ్య పదమూడని ముందే రాసుకుని, ఆ అదనపు వరసను ఒక గ్రంథాలయానికి ఇవ్వాలి. మధురైలో 2023 జూలైలో తెరిచిన కలైఞర్ శతజయంతి గ్రంథాలయం లాంటి చోట మన ఇళ్ల తెలుగు ఒక పెట్టెడు చేరితే అది పదిమంది కంట పడుతుంది.

భాష నిలవాలంటే ప్రభుత్వం బడి పెట్టాలి, పాఠ్యపుస్తకం వేయాలి, టీచర్ని నియమించాలి. వాటిని అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి. అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం మాత్రం మనకు మనం చేసుకునే అన్యాయం. ముప్పై కాగితాలు, ఒక లినో ముక్క, సూది, దారం కొనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంక్రాంతికి పన్నెండు మంది పేర్లు రాసుకుని, ఉగాదికి పుస్తకాలు పంచుకుందాం. వాడిపట్టిలో ఒక వరస పూర్తయితే చోళవందాన్ వాళ్లు, అలంగానల్లూరు వాళ్లు మా వంతు ఎప్పుడని అడుగుతారు. వాళ్లకు మొదటి వరసే జవాబు. కాబట్టి ఆ మొదటి పన్నెండు మందిలో మీ పేరు ఉండాలి.